రాయబార కచేరీ నుండి ఆచార్య పీఠానికి – ఇ. హెచ్. కార్ జీవితం

వేల్స్ దేశంలో పడమటి సముద్రపు ఒడ్డున ఆబెరిస్ట్‌విత్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1872లో అక్కడ ఒక కళాశాల వెలసింది. సొంత భవనం కట్టుకొనే స్తోమత దానికి లేదు. రైలు వస్తే విహారయాత్రికులు తండోపతండాలుగా వస్తారన్న ఆశతో ఒక గుత్తేదారు మొదలుపెట్టి, దివాలా తీసి, సగంలో వదిలిన పెద్ద హోటలు కట్టడాన్ని కొని, అందులోనే 26 మంది విద్యార్థులతో పాఠాలు ప్రారంభించారు. తొలి దశాబ్దంలో ప్రభుత్వ ధనం అందలేదు. గనులలో రాయి కొట్టే కూలీలు, కొండ పల్లెల రైతులు, చిన్న వర్తకులు ఆదివారం నాడు తమ ప్రార్థనా మందిరాలలో వేసిన చిల్లర నాణేలే ఆ కళాశాలను నిలబెట్టినవి. ఇంట మాట్లాడేది వెల్ష్ భాష, కచేరీలలో చెల్లేది ఇంగ్లీషు. అటువంటి జనం తమ పిల్లల కోసం పైసా పైసా కూడబెట్టి పెట్టుకొన్న విద్యాలయమది. మన వంటి కళాశాలల పుట్టుక తెలిసినవారికి ఈ కథ పరాయిదిగా తోచదు.

ఈ కళాశాలలోనే 1919లో అంతర్జాతీయ రాజనీతికి ఒక ఆచార్య పీఠం ఏర్పడినది. ప్రపంచంలో ఆ విషయానికి ఏర్పడిన మొదటి పీఠం అదే. 1936లో ఆ పీఠాన్ని అధిష్ఠించిన వ్యక్తి అప్పటికి ఇరవై సంవత్సరాలు బ్రిటిషు విదేశాంగ శాఖలో కొలువు చేసి, దానికి రాజీనామా ఇచ్చి వచ్చినవాడు. ఆయన పేరు ఎడ్వర్డ్ హాలెట్ కార్. చరిత్ర విద్యార్థులకు ఈ పేరు కొత్తది కాదు. చరిత్ర అంటే ఏమిటి అని ప్రశ్నించే ఆయన చిన్న గ్రంథం మన విశ్వవిద్యాలయాలలో ఎం.ఏ. చరిత్ర చదివేవారి చేతులలో తరచు కనబడుతుంది. మేము సాహిత్య విద్యార్థులమై ఉండి కూడా దానిని మిత్రుల వద్ద ఎరువు తెచ్చుకొని చదివినవారమే. అయితే ఆ గ్రంథకర్త ఒకప్పుడు దౌత్యోద్యోగి అనీ, ఆ ఉద్యోగం విడిచి విదేశాంగ నీతిని బోధించడానికి వచ్చినవాడనీ చాలామందికి తెలియదు. ఈ వ్యాసం ఆ మార్పును గురించినది.

కార్ 1892 జూన్ 28న లండను నగరంలో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. ఆ కుటుంబానిది సిరా తయారుచేసే వ్యాపారం. ముందుముందు ఆ కుమారుడు ఎంత సిరా ఖర్చు చేయనున్నాడో తలచుకొంటే ఈ సంగతి మాకు చిరునవ్వు తెప్పిస్తుంది. తండ్రి స్వేచ్ఛా వాణిజ్యంలో గట్టి నమ్మకం గలవాడై, దాని కోసమే కన్సర్వేటివు పక్షాన్ని విడిచి లిబరలు పక్షంలో చేరాడు. ఎవరి లాభం వారు చూసుకొంటే చివరకు అందరికీ మేలే జరుగుతుందనే విశ్వాసం ఆ ఇంటి గాలిలోనే ఉండేది. ఈ విశ్వాసాన్నే తరువాత కుమారుడు సమూలంగా ప్రశ్నించాడు.

కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో ఆయన గ్రీకు, లాటిను భాషలు అభ్యసించి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. అక్కడ ఒక అధ్యాపకుడు చెప్పిన పాఠం ఆయన మనసులో జీవితాంతం నిలిచిపోయింది. పారశీక యుద్ధాలను గురించి హెరోడోటసు వ్రాసిన చరిత్ర, ఆయన వ్రాస్తున్న రోజులలో గ్రీకుల మధ్య నడుస్తున్న మరొక యుద్ధపు నీడలో రూపు దిద్దుకొన్నదని ఆ అధ్యాపకుడు వివరించాడట. చరిత్రను వ్రాసేవాడు తన కాలపు గవాక్షం నుండే గతాన్ని చూస్తాడన్న భావన కార్‌కు అక్కడే కలిగింది. ఒక మంచి పాఠం ఎంత దూరం ప్రయాణిస్తుందో చెప్పడం కష్టం. ఆ అధ్యాపకునికి ఆనాడు ఈ సంగతి తెలిసి ఉండదు.

1916లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, ఆరోగ్యం సైనిక సేవకు అనుకూలించనందున ఆయన విదేశాంగ శాఖలో తాత్కాలిక గుమాస్తాగా ప్రవేశించారు. జర్మనీకి సరుకులు చేరకుండా సముద్రంపై దిగ్బంధనం అమలు జరిపే విభాగంలో తొలి పని. తటస్థ దేశాల ఓడలలో ఏ సరుకు పోవచ్చును, ఏది పోరాదు అని దస్తావేజులు చూసి నిర్ణయించాలి. తుపాకి పట్టకుండానే ఒక దేశపు ప్రజల పొయ్యిలో నిప్పు ఆర్పగల బలం ఒకటున్నదని, అది కాగితాల మీద నుండి కూడా ప్రయోగింపబడుతుందని ఆ యువకుడు అక్కడ చూశాడు. ఆర్థిక బలాన్ని సైనిక బలం పక్కన నిలిపి ఆయన ఆ తరువాత చేసిన విచారణకు బీజం ఈ అనుభవమేనని మేము ఊహిస్తున్నాము. రష్యాలో 1917 విప్లవం వచ్చినప్పుడు, అది నాలుగు నాళ్ళ ముచ్చట అని ఆయన చుట్టూ ఉన్నవారు అనుకొంటుండగా, అది నిలుస్తుందని ఆయనకు తోచింది.

1919లో పారిసు శాంతి సభకు వెళ్ళిన బ్రిటిషు బృందంలో ఆయన కూడా ఉన్నారు. గొప్ప గొప్ప ఆశయాలు వేదికల మీద వినిపిస్తుండగా, వెనుక గదులలో పటాలు పరచి సరిహద్దులు గీసే పనిని ఆయన దగ్గర నుండి చూశారు. ఓడిన జర్మనీ పట్ల జరిగినది న్యాయం కాదన్న అభిప్రాయం అక్కడ ఆయనలో నాటుకొన్నది. ఈ అభిప్రాయంలో నిజమున్నది. అయితే ఇదే ఆయనను ఇరవై ఏండ్ల తరువాత ఒక పెద్ద పొరపాటుకు నడిపించింది. ఆ సంగతి ముందు వస్తుంది.

1925 నుండి 1929 వరకు ఆయన లాట్వియా రాజధాని రీగాలో రాయబార కచేరీ కార్యదర్శి. అది రష్యా గుమ్మం ముందున్న పట్టణం. తీరిక వేళలలో ఆయన రష్యను భాష నేర్చి, ఆ సాహిత్యాన్ని మూలంలో చదవనారంభించారు. ఈ పఠనం ఆయన జీవితాన్నే మలుపు తిప్పినది. దోస్తయేవ్‌స్కీ జీవితం 1931లో, ప్రవాసంలో బ్రతికిన రష్యను విప్లవకారుల కథ 1933లో, కారల్ మార్క్సు జీవితం 1934లో వెలువడినవి. ఉద్యోగం చేస్తూనే మూడు పుస్తకాలు! ఇంగ్లండు దేశపు స్వేచ్ఛా వాణిజ్య గృహంలో పెరిగినవానికి, ఆ ప్రపంచాన్ని బయట నుండి చూసి నవ్వినవారు, కోపించినవారు ఉన్నారని ఈ రష్యనులే తెలియజేశారు. సాహిత్యం రాజనీతిజ్ఞునికి ఏమి పనికివస్తుందని అడిగేవారికి మేము ఈ ఉదాహరణను చూపదలచాము. మేము తెలుగు బోధించేవారము గనుక ఈ మాత్రం పక్షపాతాన్ని పాఠకులు మన్నించాలి.

లండనుకు తిరిగివచ్చిన తరువాత 1930 నుండి 1933 వరకు ఆయన నానాజాతి సమితి వ్యవహారాలలో సలహాదారు. యుద్ధాన్ని శాశ్వతంగా మాన్పించాలని 1920లో ఏర్పడిన ఆ సమితి ఎదుట 1931లో మంచూరియా సమస్య వచ్చింది. జపాను ఆ భూభాగాన్ని ఆక్రమించింది. సమితి విచారణ సంఘాన్ని పంపింది, నివేదిక వచ్చింది, జపాను సమితినే విడిచి వెళ్ళిపోయింది. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తింది. సమితి ఆర్థిక ఆంక్షలు విధించింది గాని, ఏ సరుకు ఆపితే ఇటలీ సేన కదలలేదో ఆ చమురును మాత్రం ఆంక్షల జాబితాలో చేర్చలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. బలమున్నవారికి ఆ బలాన్ని ఉపయోగించే ఇచ్ఛ లేదు. తీర్మానాలకు స్వంత కాళ్ళు ఉండవు.

ఇవన్నీ లోపల నుండి చూస్తున్నవాడు బహిరంగంగా వ్రాయడానికి వీలు లేదు. ప్రభుత్వోద్యోగి తన ప్రభుత్వపు విదేశాంగ నీతిని విమర్శించరాదు. కొంతకాలం ఆయన జాన్ హాలెట్ అనే మారుపేరుతో పత్రికలకు వ్యాసాలు వ్రాశారు. మారుపేరు ముసుగు వంటిది, దాని చాటున ఎంతసేపని ఊపిరి పీల్చగలరు? నలభై నాలుగవ ఏట, పదోన్నతికి దారి తెరిచి ఉన్న కొలువును విడిచి, 1936లో ఆయన ఆబెరిస్ట్‌విత్ ఆచార్య పదవిని స్వీకరించారు. లోకం దృష్టిలో అది దిగుడు మెట్టు. రాయబారి కావలసినవాడు సముద్రపు ఒడ్డున చిన్న కళాశాలలో చిన్న తరగతికి పాఠం చెప్పబోతున్నాడు. ఆయన దృష్టిలో మాత్రం అది నోరు తెరవడానికి దొరికిన చోటు.

ఇప్పుడు ఆ పీఠాన్ని నెలకొల్పిన దాతను గురించి చెప్పాలి. ఆయన పేరు డేవిడ్ డేవిస్. తాతగారు బొగ్గు గనుల, రైలు మార్గాల ద్వారా గడించిన సంపదకు వారసుడు. ఆ తాతగారే కళాశాల తొలి పోషకులలో ఒకరు. మనుమడు మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక పటాలానికి నాయకత్వం వహించి, కందకాలలో మనుషులు ఎట్లు చచ్చారో కళ్ళార చూసినవాడు. యుద్ధంలో నేలకొరిగిన విద్యార్థుల స్మృతికై, ఇకమీదట అటువంటి మారణహోమం జరగకుండా జాతుల మధ్య న్యాయాన్ని అధ్యయనం చేయించాలని, తన ఇద్దరు చెల్లెళ్ళతో కలిసి 20,000 పౌనులు ఇచ్చాడు. నానాజాతి సమితికి మూలపురుషుడైన అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సను పేరు ఆ పీఠానికి పెట్టారు. అంతర్జాతీయ పోలీసు బలం ఒకటి ఉండాలని డేవిస్ జీవితమంతా ప్రచారం చేశారు. ఆయన చిత్తశుద్ధిని శంకించడానికి మేము సిద్ధంగా లేము.

1936లో డేవిస్ మనసులో ఉన్న అభ్యర్థి వేరు. ఎంపిక సంఘంలో ఆయన మాట నెగ్గలేదు. వచ్చిన ఆచార్యుడు విల్సను పేరిటి పీఠంలో కూర్చొని, విల్సను ఆశయాలు ఎందుకు కూలినవో చెప్పనారంభించాడు. ఆ బోధన సారాంశం 1939లో, రెండవ ప్రపంచ యుద్ధం ప్రారంభమైన తరుణంలో, ఇరవై సంవత్సరాల సంక్షోభం అనే గ్రంథంగా వెలువడినది.

ఆ గ్రంథం చెప్పినదేమి? దేశాల మధ్య సహజమైన హిత సామరస్యం ఉన్నదని, శాంతి అందరికీ సమానంగా లాభమని అనుకోవడం కడుపు నిండినవారి తత్త్వమని కార్ వాదించారు. ఉన్నదంతా తన చేతిలో ఉన్నవానికి యథాస్థితి శాంతిగా కనబడుతుంది, లేనివానికి అదే అన్యాయంగా కనబడుతుంది. బలం మూడు విధాలు: సైనిక బలం, ఆర్థిక బలం, జనాభిప్రాయాన్ని మలిచే బలం. ఈ మూడింటిని లెక్కలోకి తీసుకోని నీతి గాలిలో మేడ. ఇంతవరకే చదివి ఆయనను బలవాదిగా ముద్రవేసినవారున్నారు. అది తొందరపాటు. కేవల బలవాదానికి గమ్యం ఉండదని, మానవుడు ఆశయం లేకుండా కార్యానికి పూనుకోలేడని కూడా ఆ గ్రంథమే చెబుతున్నది. సిద్ధాంతానికి లోకాన్ని సరిపుచ్చాలని చూచే మేధావి ఒకవైపు, దస్తావేజులో పూర్వపు ఆనవాయితీ ఏమున్నదని చూచే అధికారి ఒకవైపు. ఆ పుస్తకంలో ఈ ఇద్దరి స్వభావాలను ఆయన పోల్చిన పుటలు మాకు అన్నింటికంటే ఇష్టం. ఆ రెండు కుర్చీలలోను కూర్చున్నవాడు తప్ప మరొకడు అవి వ్రాయలేడు.

డేవిస్‌కు ఇదంతా ఎట్లుండి ఉంటుంది? తాను ఇచ్చిన ధనంతో తన ఆశయాన్నే తూర్పారబట్టే ఆచార్యుని పోషించడం! దానికి తోడు యుద్ధకాలంలో కార్ 1941లో లండను టైమ్సు పత్రికకు సహాయ సంపాదకులై, ఆచార్య పదవిని కూడా నిలుపుకొన్నారు. పీఠానికి న్యాయం జరగడం లేదని, దాని ఉద్దేశమే తలక్రిందులైనదని చెప్పి ఆయనను తప్పించడానికి డేవిస్ గట్టి ప్రయత్నం చేశారు. కళాశాల పాలకవర్గం ఆ ఒత్తిడికి లొంగలేదు. చిల్లర నాణేలతో పుట్టిన కళాశాల, కోటీశ్వరుడైన తన పోషకుని మాటను కాదని తన అధ్యాపకుని నిలుపుకొన్నది.

ఈ తగవును మనకు తెలిసిన వక్ఫు న్యాయంతో పోల్చి చూడవచ్చును. వక్ఫు చేసిన ఆస్తి ఆ క్షణం నుండి దాత సొత్తు కాదు. దానిని తిరిగి తీసుకొనే హక్కు సామాన్యంగా ఆయనకు ఉండదు. కాని దాత పెట్టిన షరతును మాత్రం మన ఫకీహులు ఎంతో గౌరవించారు. అది ధర్మశాస్త్ర వచనం వలె పాటించదగినదని వారి అభిప్రాయం. ఈ రెండవ సూత్రం ప్రకారం డేవిస్ ఫిర్యాదులో కొంత బలమున్నట్లే. అయితే ఆయన షరతు ఏమిటి? జాతుల మధ్య శాంతిని గురించిన అధ్యయనం. సమితిని పొగడాలని కాదు. వ్యాధి ఎందుకు కుదరలేదో చెప్పే వైద్యుడు వైద్యశాల దాతకు ద్రోహి కాడు. అభిప్రాయాల విషయంలో పాలకవర్గం చేసినది న్యాయమని మా నిశ్చితాభిప్రాయం. పత్రికా కార్యాలయంలో ఉంటూ ఆచార్య పదవిని కూడా ఉంచుకోవడం మాత్రం మాకు అంత సమంజసంగా తోచదు. తరగతిలో కూర్చున్న విద్యార్థి హక్కు కూడ ఒకటి ఉన్నది గదా.

ఇక ఆ పొరపాటు సంగతి. 1938 సెప్టెంబరులో మ్యూనికు నగరంలో బ్రిటను, ఫ్రాన్సు, ఇటలీ, జర్మనీ నాయకులు సమావేశమై, చెకొస్లొవేకియాలో జర్మను భాష మాట్లాడే సరిహద్దు ప్రాంతాన్ని హిట్లరుకు అప్పగించారు. ఎవరి భూమి పోతున్నదో ఆ దేశానికి ఆ బల్ల ముందు చోటు లేదు. కార్ తన గ్రంథపు మొదటి ముద్రణలో ఈ ఒడంబడికను, యుద్ధం లేకుండా మార్పు సాధించే పద్ధతికి ఇటీవలి కాలంలో అన్నింటికంటే దగ్గరగా వచ్చిన ఉదాహరణగా పేర్కొన్నారు. 1919లో జర్మనీకి జరిగిన అన్యాయం ఆయన కన్నులను ఇంకా కప్పుతూనే ఉండినది. 1939 మార్చిలో హిట్లరు ప్రాగు నగరంలో ప్రవేశించాడు. ఆ ఏడే యుద్ధం వచ్చింది.

యుద్ధానంతరం 1946లో రెండవ ముద్రణ వచ్చింది. అందులో ఆ మాటలు లేవు. నాటి వివాదాలకు సంబంధించిన రెండు మూడు చోట్లను తొలగించానని ముందుమాటలో తెలిపారు గాని, అవి ఏవో, తన అంచనా తప్పెందుకైనదో చెప్పలేదు. ఇది మాకు బాధ కలిగించే విషయం. బలాన్ని లెక్కలోకి తీసుకోవాలని బోధించినవాడు, బలవంతుని ఆకలికి అంతు ఉండదన్న సంగతిని ఎందుకు చూడలేకపోయాడు? బలహీనుని భూమితో బలవంతుని తృప్తిపరచడాన్ని శాంతియుతమైన మార్పు అనడం ఎందులో వివేకం? ఈ ప్రశ్నలకు ఆయనే సమాధానం వ్రాసి ఉంటే, ఆ అధ్యాయం ఆ పుస్తకానికి అన్నింటికంటే విలువైనదై ఉండేది. చరిత్రకారుడు తన కాలపు గవాక్షం నుండే చూస్తాడని ఇతరులకు బోధించినవానికి తన గవాక్షాన్ని గురించి చెప్పే అవకాశం చేతికి వచ్చి జారిపోయింది. దౌత్యోద్యోగంలో పొరపాటును దస్తావేజులో దాచివేసే అలవాటు ఉంటుంది. ఆచార్యుడైన తరువాత కూడా ఆ పాత కొలువు వాసన కొంత మిగిలిపోయిందేమో.

టైమ్సు పత్రికలో ఆయన వ్రాసిన సంపాదకీయాలు ప్రభుత్వాన్ని కలవరపరచినవి. 1944 డిసెంబరులో గ్రీసు దేశంలో బ్రిటిషు సేనల జోక్యాన్ని ఆ పత్రిక విమర్శించగా, ప్రధాని చర్చిలు పార్లమెంటులోనే దానిపై మండిపడ్డారు. ఆ ఏడే డేవిస్ మరణించారు. 1947లో కుటుంబ జీవితంలోని కలతలు లోకాపవాదానికి దారితీయగా కార్ ఆబెరిస్ట్‌విత్ పదవికి రాజీనామా చేశారు. ఆ తరువాత ఆరేండ్లు ఆయనకు ఏ విశ్వవిద్యాలయంలోను స్థిరమైన స్థానం లేదు. రష్యాతో వైరం ముదురుతున్న కాలంలో రష్యను విప్లవ చరిత్రను సానుభూతితో వ్రాసేవానికి తలుపులు తెరవడానికి చాలామంది వెనుకాడారు. 1953లో ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాల, 1955లో తాను చదువుకొన్న ట్రినిటీ కళాశాల ఆయనకు చోటిచ్చినవి.

సోవియట్ రష్యా చరిత్ర 1950 నుండి 1978 వరకు 14 సంపుటాలుగా వెలువడినది. మొదటి సంపుటం నాటికి ఆయనకు 58 ఏండ్లు, చివరిది వచ్చేసరికి 86. దస్తావేజుల పరిశీలనలో ఆయన ఓర్పుకు సాటి లేదని ప్రత్యర్థులు కూడ అంగీకరించారు. అయితే గెలిచినవారి కథనే చరిత్రగా వ్రాశాడని, ఆ విజయానికి వెల చెల్లించిన లక్షలాది జనుల కన్నీరు ఆ సంపుటాలలో కనబడదని వచ్చిన విమర్శను మేము త్రోసిపుచ్చలేము. మ్యూనికు నాటి లోపమే ఇక్కడ మరొక రూపంలో తిరిగి వచ్చినట్లు మాకు తోస్తుంది. 1961లో కేంబ్రిడ్జిలో చేసిన ఉపన్యాసాలే మనం చదివే ఆ చిన్న గ్రంథం.

1982 నవంబరు 3న, తొంభై ఏండ్లు నిండిన కొద్ది నెలలకు, కార్ కేంబ్రిడ్జిలో మరణించారు. ఆబెరిస్ట్‌విత్‌లో ఆ శాఖ నేటికీ నడుస్తున్నది. డేవిస్ కుటుంబం నెలకొల్పిన వుడ్రో విల్సను పీఠం అక్కడే ఉన్నది. ఆ శాఖలోనే ఇ. హెచ్. కార్ పేరిట మరొక ఆచార్య పీఠాన్ని కూడ ఏర్పరచినారు.